మా వీధి గోడకు బొమ్మలు వేయించాం: పని ఎట్లుంది, ఎంతయింది, ఎక్కడ తేడా కొట్టింది

అనంతపురంలో నాదొక చిన్న మెడికల్ షాపు. రోడ్డుకు అవతల ఒక ప్రభుత్వ ఆఫీసు వెనక కాంపౌండు గోడ ఉంటుంది. పొద్దున షట్టర్ ఎత్తినప్పటి నుంచి రాత్రి దించేదాకా నా కళ్లెదుట ఉండేది అదే. మా వీధి సంఘానికి కోశాధికారిని కూడా నేనే. అంటే చందాలు అడిగి చెడ్డపేరు తెచ్చుకునే ఉద్యోగం నాది. పోయినేడు వేసవిలో ఆ గోడ మీద బొమ్మలు వేయించాం. తర్వాత ఒక వానాకాలం, ఇంకో ఎండాకాలం గడిచాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. పని ముగిసిన రోజే రివ్యూ రాయడం పెళ్లిరోజే కాపురం గురించి చెప్పినట్టు ఉంటుంది.

ముందు గోడ సంగతి. మేం బొమ్మలు వేయించిన మేర పొడవు 120 అడుగులు, ఎత్తు 7 అడుగులు, ముఖం పడమటికి. మధ్యాహ్నం నుంచి పొద్దు గుంకేదాకా ఎండంతా దాని మీదే. నడిమివంక వాగుకు దగ్గర కావడంతో 2022 అక్టోబర్‌లో వంక పొంగినప్పుడు మా వీధిలో నీళ్లు నిలిచాయి. గోడకు నడుమెత్తున మరక పడింది. ఆ తర్వాత కింద చౌడు తేలి సిమెంటు పెచ్చులు రాలడం మొదలైంది. పైభాగమంతా కోచింగ్ సెంటర్లు, మొలల వైద్యం, ఎవరో ఒక నాయకుడి పుట్టినరోజు. ఇక ఒకటికి పోసేవాళ్ల గురించి చెప్పనే అక్కర్లేదు. ఎవరో పుణ్యాత్ముడు దేవుళ్ల టైల్స్ అతికించాడు. వేంకటేశ్వరస్వామి, శిలువ, మసీదు, మూడూ వరసగా. జనం రెండు గజాలు పక్కకు జరిగి పని కానిచ్చుకున్నారు, అంతే.

ఏదో ఒకటి చేయాలని సంఘంలో అనుకున్నాక రేట్లు అడిగాం. ఇనుప ఫ్రేము కట్టి ఫ్లెక్సీ బిగిస్తామన్నవాళ్లు అందరికంటే చవక. కానీ మా ఊరి ఆషాఢం గాలికి ఫ్లెక్సీ ఏమవుతుందో మీకు తెలుసు. బెంగళూరు నుంచి ఒక టీమ్ చదరపు అడుగుకు 220 రూపాయలు అంది. ఫోనులో నమూనాలు చూపించారు: సెల్ఫీ దిగడానికి సీతాకోకచిలుక రెక్కలు, రంగురంగుల జుట్టున్న ఒక ఆడపిల్ల ముఖం, కాఫీ కప్పులోంచి లేచే కొండలు. పని శుభ్రంగానే ఉంది. కానీ ఆ బొమ్మలు ఏ ఊళ్లో వేసినా అవే. మా వీధి ఎట్లుంటుంది, ఎవరెవరు ఉంటారు అని వాళ్లు ఒక్క మాట అడగలేదు.

మూడోవాళ్లు మా ఊరివాళ్లు. అడుగుకు 85, రంగులు వాళ్లవే. ముగ్గురి జట్టు. పేర్లు రాయను. పెద్దాయన తన ఫోన్ నంబరు ఎక్కడా పెట్టొద్దన్నాడు. రేటు అడిగి పెట్టేసేవాళ్లతో ఆయన విసిగిపోయాడు.

పెద్దాయన పాతకాలం బోర్డు ఆర్టిస్టు. సినిమా బ్యానర్లు, దుకాణం బోర్డులు, లారీల మీద అక్షరాలు, అన్నీ చేసినవాడు. ఫ్లెక్సీ వచ్చాక నంబర్ ప్లేట్లు, బడి గోడల మీద ఎక్కాలు, స్వచ్ఛ భారత్ వచ్చాక గాంధీ కళ్లజోడు. ఎన్ని కళ్లజోళ్లు గీశాడో ఆయనకే లెక్క లేదు. రాష్ట్రంలో ఫ్లెక్సీలు బంద్ అని 2022లో ప్రకటన వచ్చినప్పుడు డబ్బాలు, కుంచెలు మళ్లీ కడిగి పెట్టుకున్నాడట. ఆ తర్వాత మన కూడళ్లు ఎట్లున్నాయో మీరూ చూస్తున్నారు.

రెండోవాడు నిమ్మలకుంట పిల్లోడు. ధర్మవరం మండలంలో తోలుబొమ్మల ఊరు, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా కింద ఉంది. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది ఈ కళకే. ఆటలు తగ్గిపోయాక అక్కడి కుటుంబాలు చాలావరకు అదే తోలుతో ల్యాంప్ షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి బతుకుతున్నాయి. ఈ పిల్లోడు ఫోనులో వాళ్లమ్మతో మరాఠీలో మాట్లాడుతుంటే మా వీధి పిల్లలు నోరు తెరుచుకుని చూసేవాళ్లు. మూడో ఆమె పెద్దాయన తమ్ముడి కూతురు. కడపలో ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. లెక్కలు, కొలతలు, రంగు ఎంత కావాలి అనేవన్నీ ఆ అమ్మాయి చేతిలోనే ఉండేవి.

వీళ్లలో నాకు నచ్చిన మొదటి సంగతి: కుంచె పట్టకముందే కూర్చోబెట్టి అడిగారు. ఒక సాయంత్రం నా షాపు ముందు గోధుమరంగు కాగితం చుట్ట పరిచి, వచ్చినవాళ్లందరినీ ఏం కావాలో చెప్పమన్నారు. చదువు రానివాళ్లు చెప్తే అమ్మాయి గీసేది. ఇంక చూసుకోండి. ఒకరు లేపాక్షి బసవన్న, ఒకరు తిమ్మమ్మ మర్రిమాను, ఒకరు గడియారం స్తంభం, ఒకరు శనక్కాయ చేను. పిల్లలు క్రికెట్. మా వీధి ముసలాయన ఒకరు తన దివంగత భార్య బొమ్మ వేయమన్నాడు, నిజంగానే. మా జిల్లాలోని గూగూడు కుళ్లాయిస్వామి పీర్లు వేయాలని అటు సాయిబులూ ఇటు మనవాళ్లూ ఒకే గొంతుతో పట్టుబట్టారు. మొహర్రం వస్తే మా వీధి సగం ఖాళీ అయిపోయేది గూగూడుకే కదా.

ఆర్టిస్టు పెద్దాయన అన్నింటికీ తలూపి ఒక్కదానికి మాత్రం అడ్డం తిరిగాడు. "సామీ, ఈ గోడకు దేవుణ్ణి వేయను. టైల్స్ కూడా మర్యాదగా తీయించండి. ఒకటికి పోసేవాళ్లకు దేవుణ్ణి కాపలా పెడతారా యాడన్నా?" అన్నాడు. కాసేపు గొడవైంది. చివరికి ఆయన ఒక దారి చూపాడు. పీర్లు వేయడు, గూగూడుకు పోయే బస్సు వేస్తాడు. లేపాక్షి గుడి వేయడు, బసవన్న ముందు ఫొటో దిగుతున్న కుటుంబాన్ని వేస్తాడు.

ఆ బస్సు ఇప్పుడు గోడలో అన్నిటికంటే బాగున్న భాగం. పది అడుగుల ఎర్ర ఆర్టీసీ బస్సు, కిక్కిరిసిన జనం. కిటికీలోంచి ఒక ముసలమ్మ కర్చీఫ్ వేసి సీటు పట్టేస్తోంది. ఫుట్‌బోర్డు మీద ఒకడు, వాడి చేతిలో చక్కెర పొట్లం. వెనక నిచ్చెన మీద ఎక్కుతున్నవాణ్ణి కండక్టర్ తిడుతున్నాడు. తిడుతున్నాడని ఎట్లా తెలుస్తుందంటే, ఆయన నోరు చూస్తే చాలు. ముఖాలన్నీ పక్కవాటంగా, కళ్లు పెద్దవిగా, చుట్టూ నల్ల గీతతో ఉంటాయి. అది తోలుబొమ్మ లెక్క. గీతంతా నిమ్మలకుంట పిల్లోడిది. బొగ్గుతో గుర్తు పెట్టుకోడు, గళ్లు గీసుకోడు, నేరుగా కుంచెతోనే. తోలు మీద గీత తప్పితే మళ్లీ తుడపడానికి ఉండదన్నా, అందుకే చెయ్యి అట్లా అలవాటైంది అన్నాడు.

వాడి పని దగ్గర నిలబడి చూసినదాంట్లో ఒకటి చెప్పాలి. మేకతోలును గీకి పలచగా ఆరబెడితే వెలుతురు దాన్ని దాటుకుని వస్తుంది. నగలు, చీర అంచులు ఉన్న చోట చిన్న ఉలితో చిల్లులు కొడతారు. తెర వెనక దీపం పెడితే ఆ చిల్లులే ముత్యాల్లా మెరుస్తాయి. మరి గోడకు చిల్లులు కొట్టలేం కదా. వాడు కుంచె తిప్పి పట్టుకుని, కట్టె కొనను తెల్లరంగులో ముంచి, నల్ల గీత పక్కనే చుక్కలు పెట్టుకుంటూ పోయాడు. ఒక్కసారి ముంచితే ఐదారు చుక్కలు. మొదటిది లావుగా, పోను పోను చిన్నగా. కావాలనే అట్లా చేస్తాడు. బంగారక్క మెడలో హారం కింద పెద్ద పూస, పైకి పోయేకొద్దీ చిన్న పూసలు, అన్నీ ఒకే ముంపులో. మోటర్ సైకిల్ మీద పోయేవాళ్లకు ఇది కనపడదు. ఆగి చూడండి.

బంగారక్క అన్నాను కదా. జుట్టు పోలిగాడు, బంగారక్క, కేతిగాడు, ముగ్గురూ గోడకు ఉత్తరం చివర ఉన్నారు. రామాయణం ఆట రాత్రంతా నడిచేటప్పుడు మధ్యలో దూరి జనాన్ని నవ్వించేది వీళ్లే. మా వీధి ముసలివాళ్లకు రాముడి కథ కంటే వీళ్ల బూతులే బాగా గుర్తు. ఇక్కడ బూతులు కుదరవు కాబట్టి పెద్దాయన మాట కట్టాడు. పోలిగాడి చేతిలో చెత్త కవరు, విసరబోతున్నాడు. బంగారక్క చేట ఎత్తి, "చెత్తబండి పొద్దున్నే వస్తాది పోలిగా, నిద్ర లేసేది నువ్వే లేటు" అంటోంది. పక్కన కేతిగాడు నవ్వుతున్నాడు. ఆ అక్షరాలు పెద్దాయన చేతివి. దారం కొట్టి గీతలు వేసుకోవడం వరకే కొలత, తర్వాత అంతా చేతివాటమే. తలకట్టు, దీర్ఘం, వత్తు ఒకదానికొకటి తగలకుండా, ఎక్కడ లావు కావాలో అక్కడ లావుగా. కంప్యూటర్ అక్షరాలకు అలవాటు పడ్డ కళ్లకు కాసేపు కొత్తగా ఉంటుంది. "చెత్త వేయరాదు, జరిమానా" అని ఆఫీసువాళ్లు రాయించిన బోర్డు ఏళ్లుగా అక్కడే ఉంది, ఎవడూ చదవలేదు. ఇది మాత్రం చదువుతారు. చదివాక కూడా వేసేవాళ్లు ఉన్నారు, అబద్ధం చెప్పను, కానీ ఆ చివర కుప్ప బాగా తగ్గింది.

వరద గీత ఆలోచన కూడా జట్టుదే. 2022లో నీళ్లు నిలిచిన మరకను సున్నంతో కప్పేయకుండా, అదే ఎత్తున గోడ పొడుగునా సన్నటి నీలం గీత లాగారు. గీత కింద చేపలు, ఒక ప్లాస్టిక్ చెప్పు, తేలుతున్న గ్యాస్ సిలిండరు, నా షాపులోంచి కొట్టుకుపోయిన మందుల డబ్బాలు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే ఊళ్లో నడుమెత్తు నీళ్లు వచ్చాయంటే కొత్తగా అద్దెకు వచ్చినవాళ్లు నమ్మరు. ఇప్పుడు గీత చూపిస్తాం. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకు మాత్రం ఆ గీత నచ్చలేదు. తీసేయమని ఒకాయన ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

పూలక్క చోటు గురించి రెండు ముక్కలు. గోడకు ఆనుకుని ఆమె పూలబుట్ట పెట్టుకుంటుంది. పని జరిగేటప్పుడు లెమ్మంటారేమోనని ఆమెకు టెన్షన్. వాళ్లు ఆమెను లేపలేదు. ఆమె కూర్చునే వెడల్పు వదిలేసి, చుట్టూ వేపచెట్టు వేశారు. ఆమె కూర్చుంటేనే ఆ బొమ్మ పూర్తవుతుంది. ఫొటోలు తీసుకునేవాళ్లు ఎక్కువయ్యారు, మూర కొనేవాళ్లు మాత్రం పెరగలేదని ఇప్పుడు ఆమె ఫిర్యాదు.

ఇక తిట్టాల్సినవి.

టైమ్ అసలు పాటించరు. ఉగాదికి అయిపోతుందన్నారు, ఉగాది దాటింది, ఎండలు ముదిరాయి. మధ్యలో ఏదో పెళ్లి స్టేజీ పని వచ్చిందని పెద్దాయన మాయమయ్యాడు. ఫోన్ ఎత్తడు. గోడకు సగం బస్సు, ముందు చక్రం లేదు. చందా ఇచ్చినవాళ్లంతా రోజూ నా షాపుకొచ్చి, "ఏమప్పా, బస్సు పంచరైందా?" అని అడగడమే. ఏప్రిల్ ఎండలో పది దాటితే ఎమల్షన్ రంగు కుంచె మీదే గట్టిపడుతుంది కాబట్టి పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపే పని జరుగుతుంది. అది నేను ఒప్పుకుంటాను. ఫోన్ ఎత్తకపోవడం ఒప్పుకోను.

రెండోది గోడ తయారీ. దీనికి విడిగా 14,000 తీసుకున్నారు. చౌడు గీకి, కడిగి, ఆరనిచ్చి, బయటి గోడలకు వాడే ప్రైమర్ వేయాలి. పైభాగం బాగానే చేశారు. కింద, దక్షిణం మూల కొళాయి దగ్గర మాత్రం చెమ్మ ఆరకముందే లోపలి గోడలకు వాడే లప్పం పూసి పైన రంగు వేసేశారు. మొదటి వానకే బుడగలొచ్చాయి, దీపావళి నాటికి శనక్కాయ చేను పెచ్చులు పెచ్చులుగా ఊడింది. పిలిస్తే వచ్చారు, గీకి మళ్లీ వేశారు, కూలి అడగలేదు, రంగు డబ్బులు మాత్రం తీసుకున్నారు. నా లెక్కలో అదీ తీసుకోకూడదు.

మూడోది ఎరుపు. బస్సుకు వేసిన మెరిసే ఎరుపు ఒక్క ఎండాకాలానికే గులాబీకి దిగింది. అదే గోడ మీద, అదే ఎండలో, ఎడ్లబండికి వేసిన జాజు ఎరుపు చెక్కు చెదరలేదు. ఎందుకని అమ్మాయిని అడిగితే చెప్పింది: జాజు ఇనుము నుంచి వచ్చే మట్టిరంగు, ఎండ దాన్ని ఏమీ చేయలేదు. డబ్బాలో కలిపే చవక ఎరుపు, పసుపు స్టెయినర్లు ఎండకు విరిగిపోతాయి. లేపాక్షి గుడి కప్పు మీద 16వ శతాబ్దంలో వేసిన బొమ్మలు ఇప్పటికీ కనిపిస్తున్నాయంటే ఇట్లాంటి మట్టి, రాతి రంగులు ఒక కారణం, ఎండావానా తగలని నీడ ఇంకొకటి అంది. బాగానే ఉంది తల్లీ, ఈ సంగతి బస్సుకు రంగు వేయకముందే మీ పెదనాన్నకు చెప్పాల్సింది అన్నాను. చెప్పిందట, వినలేదట. ఆర్టీసీ బస్సు ఎర్రగా మెరవకపోతే ఎట్లా అన్నాడట ఆయన.

నాలుగోది జట్టు తప్పు కాదు. పదివేలు ఇస్తాను, నా పేరు, ఫొటో మధ్యలో వేయండి అని ఒకాయన వచ్చాడు. సంఘంలో కొందరు మెత్తబడ్డారు. పెద్దాయన ఏ మాటా అనకుండా గోడ కింద చివర జానెడు చోటు చూపించి, "ఇక్కడ మా ముగ్గురి సంతకం వస్తుంది. సార్‌ది కావాలంటే దాని పక్కన అదే సైజులో వేస్తా" అన్నాడు. ఆయన మళ్లీ రాలేదు.

లెక్క కావాల్సినవాళ్లకు: కింద అడుగు వదిలేసి 120 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు, అంటే 720 చదరపు అడుగులు. 85 చొప్పున 61,200. గోడ తయారీ 14,000. మొత్తం 75,200. భోజనాలు, టీలు ఇంటికొకరు వంతులేసుకుని పెట్టారు. పెద్దాయన మోకాళ్ల నూనె నా ఖాతాలో పోయింది.

మీరు వేయించుకునేటట్టయితే నా మాట ఇది. గోడ ఎవరిదో వాళ్ల నుంచి అనుమతి కాగితం మీద రాయించుకోండి, నోటి మాట ఆఫీసర్ మారితే ఉండదు. వానాకాలం అయ్యాక గోడ బాగా ఆరనిచ్చి, డిసెంబర్, జనవరిల్లో మొదలుపెట్టండి. అప్పుడు రోజంతా పని చేయొచ్చు. డబ్బు మూడు భాగాలు చేసి, ఆఖరి భాగం మొదటి వాన పడ్డాకే ఇస్తామని ముందే చెప్పండి. ఎక్కడెక్కడ జాజు, ఎక్కడ డబ్బా ఎరుపు అని అడిగి తెలుసుకోండి. కాగితం చుట్ట పరిచి అడిగే పని మాత్రం తగ్గించుకోమనకండి. గోడకు దక్షిణం చివర ట్రాన్స్‌ఫార్మర్ పక్కన కొంత ముక్క ఉంది, బొమ్మ వేయకుండా వదిలేసింది. అక్కడ మళ్లీ పోస్టర్లు వచ్చాయి, ఒకటికి పోసేవాళ్లూ వచ్చారు. బొమ్మలున్న చోట ఒక కోచింగ్ సెంటర్ కుర్రాడు రాత్రిపూట పోస్టర్ అతికిస్తుంటే, బస్సులో సీటు పట్టే ముసలమ్మ తనే అని నమ్మే ఒక అవ్వ చెప్పు తీసుకుంది.

మార్కులు అడిగితే గీతకు, అక్షరాలకు పదికి పది ఇస్తాను. వీధి మాట విన్నందుకూ అంతే. గోడ తయారీకి ఐదు. టైముకు రెండు, అదీ మోకాళ్ల నొప్పి చూసి. ఇంకో గోడ ఉంటే మళ్లీ వీళ్లకే ఇస్తాను, కానీ ఈసారి ఫోన్ నంబరు అమ్మాయిది తీసుకుంటాను.

పక్క వీధివాళ్లు మా గోడ చూసి వాళ్ల పార్కు గోడకు అడుగుతున్నారు. పెద్దాయన రేటు 95కు పెంచాడు. వాళ్లు 70 దగ్గర ఆగారు. బేరం రోజూ సాయంత్రం నా షాపు బల్ల మీదే నడుస్తోంది. నేను మాత్రం నోరు మెదపడం లేదు. రెండు పక్కలవాళ్లూ నా గిరాకీలే.